పోటు నీరు కొండ ఎక్కితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఒక పాఠకునికి జవాబిస్తూ, చంద్రుడు ఏటా దాదాపు 3.8 సెంటీమీటర్ల చొప్పున భూమికి దూరమవుతున్నాడనీ, ఆటుపోట్ల వల్ల సముద్రాల్లో శక్తి ఖర్చవుతూ ఉండడమే దానికి ముఖ్య కారణమనీ రాశాను. ఆ ఖర్చులో ఒక భాగం సముద్రం లోపల పుట్టే అలల ద్వారా జరుగుతుందని చివర ఒక్క వాక్యం చేర్చి ఊరుకున్నాను. సముద్రానికి దాదాపు 250 కిలోమీటర్ల ఇవతల ఉన్న మన జిల్లాల పాఠకులు ఆ వాక్యాన్ని అంతగా పట్టించుకోరనుకోవడం నా పొరపాటు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సముద్రం అడుగు గరుకుగా ఉంటే నీరు రాసుకొని వేగం తగ్గుతుందని, ఆ రాపిడిలో శక్తి వేడిగా మారుతుందని అర్థం చేసుకోగలను. కాని గరుకు అడుగు మీదుగా పోటు నీరు పారితే అలలు పుట్టడం ఏమిటి? అవి పైన కాకుండా లోపల పుట్టడం ఏమిటి? మొన్న విశాఖపట్నం వెళ్లినప్పుడు ఒక పెద్ద వయసు మత్స్యకారుడు, పైనీరు వలను ఒకవైపు లాగుతుంటే కింది నీరు మరోవైపు లాగే రోజులు ఉంటాయని చెప్పారు. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా సార్?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: చిక్కంతా ‘రాపిడి’ అన్న మాట దగ్గరే ఉందమ్మా. లోతైన సముద్రంలో ఈ అలలను పుట్టించేది నీరు నేలకు రాసుకోవడం కాదు, నేల ఎత్తుపల్లాల వల్ల నీరు పైకి ఎక్కి కిందికి దిగవలసి రావడం. అది ఎందుకు అంత పెద్ద సంగతో తెలియాలంటే సముద్రం పొరలు పొరలుగా ఉంటుందన్న విషయంతో మొదలుపెట్టాలి.

మా తరం వాళ్లలో చాలామంది ఈత నేర్చుకున్నది మోటబావుల్లోనే. ఎండకాలం మధ్యాహ్నం బావిలో దూకితే ఛాతీ దాకా గోరువెచ్చగా ఉన్న నీరు మోకాళ్ల కింద ఒక్కసారిగా చల్లగా తగిలేది. వెచ్చని నీరు తేలిక కాబట్టి పైన నిలుస్తుంది, చల్లని నీరు బరువు కాబట్టి కింద నిలుస్తుంది. సముద్రంలోనూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ వేడితో పాటు ఉప్పు కూడా బరువును నిర్ణయిస్తుంది. బంగాళాఖాతంలో పైనీరు 28, 29 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటే, ఒక కిలోమీటరు లోతున 7 డిగ్రీలకు అటూఇటూగా, నాలుగు కిలోమీటర్ల లోతు అడుగున 2 డిగ్రీలకు లోపే ఉంటుంది. పైన బాగా కలిసిపోయిన పలుచని పొర, దాని కింద కొన్ని పదుల మీటర్ల నుంచి రెండు మూడు వందల మీటర్ల వరకు ఉష్ణోగ్రత వేగంగా పడిపోయే పొర, ఆ కింద అడుగు దాకా నెమ్మదిగా చల్లబడుతూ పోయే నీరు ఉంటాయి. ఆ నడిమి పొరను థర్మోక్లైన్ అంటారు.

ఇప్పుడు మీ పిల్లలతో తరగతిలో చేయించదగిన ఒక పని చెబుతాను. ఒక గాజు సీసాలో సగం రంగు కలిపిన నీళ్లు, మిగతా సగం పల్లినూనె పోసి, మూత బిగించి బల్ల మీద పడుకోబెట్టండి. ఒక కొనను మెల్లగా ఎత్తి దించితే నూనెకూ నీటికీ మధ్య ఉన్న హద్దు మీద ఒక అల బయలుదేరుతుంది. అది ఎంత నింపాదిగా సాగుతుందో, ఎంత ఎత్తుగా లేస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గాలి కంటే నీరు ఎనిమిది వందల రెట్లు బరువు కాబట్టి చెరువు పైన లేచిన అలను గురుత్వం గట్టిగా వెనక్కి లాగుతుంది. నూనెకూ నీటికీ బరువులో తేడా పదో వంతు కూడా లేదు కాబట్టి అక్కడ ఆ లాగే బలం తక్కువ. సముద్రంలో థర్మోక్లైన్‌కు పైన, కింద ఉన్న నీళ్ల మధ్య తేడా ఇంకా తక్కువ, వెయ్యింట మూడు నాలుగు వంతులు మాత్రమే. అందువల్ల పైన ఒక అలను లేపడానికి పట్టే శక్తితోనే లోపల దానికి పదిహేను ఇరవై రెట్ల ఎత్తున్న అల లేవగలదు.

ఇక పోటు సంగతికి వద్దాం. మన పాఠ్యపుస్తకాలు భూమికి రెండు వైపులా నీరు ఉబ్బినట్టు ఒక బొమ్మ వేసి పోటును అక్కడితో ముగిస్తాయి, అది నాకు ఎప్పుడూ అసంతృప్తిగానే ఉంటుంది. ఒడ్డున నిలబడి చూసేవారికి పోటు అంటే నీరు పైకి లేవడం. నడిసముద్రంలో ఒక మనిషి దానిని గమనించగలిగితే, అది ప్రధానంగా అడ్డంగా సాగే కదలికగానే కనిపిస్తుంది. నాలుగు కిలోమీటర్ల మందాన ఉన్న నీరంతా పై నుంచి అడుగు దాకా ఒకటిగా ఆరు గంటలకు పైగా ఒకవైపు జరిగి, మళ్లీ అంతే సేపు వెనక్కి వస్తుంది. చంద్రుని వల్ల కలిగే ప్రధానమైన పోటుకు ఒక పూర్తి ఆవృత్తి 12 గంటల 25 నిమిషాలు. వేగం మాత్రం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే, అంటే చీమ నడక. అయినా సెకనుకు 3 సెంటీమీటర్ల గరిష్ఠ వేగం అనుకొని లెక్క వేస్తే, ఒక్కో పోటుకు నీరు నాలుగు వందల మీటర్లకు పైగా జరిగి వెనక్కి వస్తున్నట్టు తేలుతుంది.

అడుగు బల్లపరుపుగా ఉంటే ఈ రాకపోకల వల్ల పొరలు చెదరవు, అన్నీ కలిసి వెళ్లి కలిసి వస్తాయి. దారిలో ఒక కొండ ఉందనుకోండి. పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కే వాలు అయినా సరే, దానిని ఆనుకొని ఉన్న నీరు దాదాపు 40 మీటర్లు పైకి ఎక్కక తప్పదు. అలా ఎక్కిన నీరు చల్లనిది, బరువైనది, దాని చుట్టూ ఇప్పుడు ఉన్నది దానికంటే తేలికైన నీరు. కాబట్టి గురుత్వం దాన్ని కిందికి లాగుతుంది, అది తన పాత చోటును దాటి ఇంకా కిందికి పోతుంది, అక్కడి నుంచి మళ్లీ పైకి నెట్టబడుతుంది. ఈలోగా పోటు ఆటుగా మారి నీరంతా వాలు దిగుతుంది, పైపొరలను కూడా తనతో కిందికి గుంజుతుంది. ఈ విధంగా ఆ కొండ 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి నీటి పొరలను ఎత్తి దించే మోట లాగా పనిచేస్తూనే ఉంటుంది. అక్కడ కదిలిన పొర పక్కనున్న పొరను కదిలిస్తుంది, ఆ కదలిక కొండను వదిలి దూరంగా సాగిపోతుంది. పోటు లయలోనే నడిచే ఈ లోపలి అలను శాస్త్రజ్ఞులు అంతర్గత పోటు అంటారు.

రాపిడి ఎందుకు ముఖ్యం కాదో కూడా చెప్పాలి. నీరు నేలకు రాసుకోవడం వల్ల పోయే శక్తి వేగానికి మూడో ఘాతంగా మారుతుంది, అంటే వేగం పదో వంతుకు పడితే నష్టం వెయ్యో వంతుకు పడిపోతుంది. లోతు తక్కువ సముద్రాల్లో పోటు నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో కూడా ఉరుకుతుంది కాబట్టి అక్కడ రాపిడిదే రాజ్యం. 1919లో జి. ఐ. టేలర్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఐర్లండుకూ బ్రిటనుకూ మధ్య ఉన్న ఐరిష్ సముద్రంలో ఈ నష్టాన్ని లెక్క కట్టారు. మరుసటి ఏడాది హెరాల్డ్ జెఫ్రీస్ ఆ లెక్కను ప్రపంచంలోని లోతు తక్కువ సముద్రాలన్నింటికీ విస్తరించారు. ఆ తర్వాత చాలాకాలం పోటు శక్తి అంతా తీరాల దగ్గరే ఖర్చవుతుందని అందరూ నమ్మారు. చీమ నడకతో సాగే లోతు నీటిలో రాపిడి లెక్కకు రాదన్నది నిజమే. రాపిడి లేకుండా కూడా శక్తి మరో దారిలో జారిపోగలదన్నది వాళ్ల లెక్కలోకి రాలేదు.

‘గరుకు’ అన్నప్పుడు ఇసుక రేణువులో, గులకరాళ్లో మీ కళ్ల ముందుకు రాకూడదు. ఇక్కడ పనికి వచ్చే గరుకుతనం వందల మీటర్ల ఎత్తు, కిలోమీటర్ల నుంచి పదుల కిలోమీటర్ల వెడల్పు ఉన్న గుట్టలది, లోయలది, మునిగి ఉన్న పర్వతశ్రేణులది. అట్లాంటిక్ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణికి ఇరుపక్కలా అటువంటి గుట్టలు వరుసలు కట్టి ఉంటాయి. గుట్ట ఎంత ఎత్తున్నదన్న దానితో పాటు దాని వాలు ఎంత అన్నది కూడా ముఖ్యమే. పైనీటి అలల్లా కాకుండా ఈ లోపలి అలల శక్తి అడ్డంగానూ నిలువుగానూ కలిసి ఏటవాలుగా ప్రయాణిస్తుంది. ఆ ఏటవాలు కోణాన్ని పోటు లయ, భూభ్రమణం, నీటి పొరల మధ్య బరువు తేడా కలిసి నిర్ణయిస్తాయి. మన అక్షాంశాల్లో లోతు నీటిలో అది సాధారణంగా నాలుగైదు డిగ్రీలు మాత్రమే ఉంటుంది. కొండ వాలు సరిగ్గా ఆ కోణానికి సమానమైతే పోటు నీరు ఆ వాలు వెంట మొత్తం ఒకే తాళంలో ఊగుతుంది, అలలు అక్కడ అన్నిటికంటే బలంగా పుడతాయి.

మేడారం వెళ్లినవారు జంపన్న వాగులో నీరు పెద్ద బండ మీదుగా పారేటప్పుడు బండ దాటిన వెంటనే ఒక గుంట, ఆ వెనుక ఒక ఉబ్బు కదలకుండా నిలిచి ఉండడం చూసి ఉంటారు. వాగు ఒకే దిశలో పారుతుంది కాబట్టి ఆ ఉబ్బు అక్కడే ఉంటుంది. సముద్రంలో పారకం ఆరు గంటలకు మళ్లుతుంది, అప్పుడు ఆ ఉబ్బును పట్టి ఉంచేది ఏమీ ఉండదు. జిబ్రాల్టర్ జలసంధిలో దాదాపు 300 మీటర్ల లోతున కమారినాల్ అనే గట్టు ఉంది. పోటు నీరు దాని మీదుగా పడమటికి దూకినంతసేపు గట్టుకు అవతల పొరల్లో పెద్ద గుంట పడి ఉంటుంది. పారకం నెమ్మదించగానే ఆ గుంట గట్టు దాటి తూర్పున మధ్యధరా సముద్రంలోకి పరుగెత్తుతుంది, దాని లోతు వంద మీటర్ల దాకా ఉంటుంది.

మీరు కలిసిన పెద్దాయన మాట ఈ శాస్త్రానికి చక్కగా సరిపోతుంది. అంతర్గత అలల్లో అతి పెద్ద రకం సాగేటప్పుడు థర్మోక్లైన్‌కు పైనున్న నీరు ఒకవైపు, కిందనున్న నీరు ఎదురువైపు కదులుతాయి, ఆరు గంటలకు దిశలు తారుమారవుతాయి. అయితే గాలి తోసే పైనీరు, తీరం వెంట పారే లోతు ప్రవాహం కూడా ఇటువంటి తేడానే కలిగించగలవు. ఆ గుంజుడు పోటు లయలో రోజుకు నాలుగుసార్లు దిశ మార్చుకుంటుందో లేదో ఆయననే అడిగి చూడండి, జవాబు ఆయన దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: పైకి కనిపించని అలలను ఎలా కనుగొన్నారు? కొలిచినవారు ఎవరు?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ముందుగా వాటి దెబ్బ తెలిసింది, అలలు తర్వాత తెలిశాయి. 1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఫ్రామ్ ఓడలో సైబీరియా తీరం వెంట పోతుండగా, నిశ్చలంగా కనిపించే నీటిలో ఓడ ఎంత నడిపినా ముందుకు సాగని చోటు ఒకటి తగిలింది. కరిగిన మంచు వల్ల ఏర్పడిన పలుచని మంచినీటి పొర ఉప్పునీటి మీద పరుచుకొని ఉందనీ, ఓడ శక్తి ఆ రెండింటి హద్దు మీద అలలు లేపడానికే ఖర్చైపోయిందనీ స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ తొట్టిలో ప్రయోగాలు చేసి 1904లో వివరించాడు. అది ఓడ పుట్టించిన అల. పోటు పుట్టించే అలను గుర్తించడానికి చేయవలసిన పని సూటిగానే ఉంటుంది, కాని ఓపిక కావాలి. ఒకే చోట ఓడను నిలిపి, ఒకే లోతున ఉష్ణోగ్రతను గంట గంటకూ రోజుల తరబడి కొలవాలి. చల్లని పొర లేచినప్పుడు ఉష్ణోగ్రత పడిపోతుంది, దిగినప్పుడు పెరుగుతుంది, ఆ ఎగుడుదిగుడు పోటు లయలో ఉంటే దొంగ దొరికినట్టే.

ఈ పని మన తెలుగు తీరంలోనూ జరిగిందని చాలామందికి తెలియదు. 1950ల మొదట్లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయం వారితో కలిసి పనిచేసినప్పుడు, ఆ తీరపు నీటిలో ఉష్ణోగ్రత పోటు లయలో నిలువుగా ఊగుతుండడం మీద 1954లో పరిశోధన వ్యాసం వెలువడింది. సముద్ర శాస్త్ర చరిత్ర అంతా నార్వే, స్వీడన్, అమెరికాల్లోనే జరిగినట్టు చదువుకునే మనకు ఇది గుర్తుండవలసిన విషయం.

ప్రపంచం మొత్తానికి లెక్క తేలింది మాత్రం ఉపగ్రహాలు వచ్చాకనే. లోపల పదుల మీటర్ల అల సాగుతున్నా పైన సముద్రమట్టం కొన్ని సెంటీమీటర్లు మాత్రమే లేచి దిగుతుంది. 1992లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి ప్రయోగించిన టోపెక్స్/పొసైడన్ ఉపగ్రహం రాడార్‌తో సముద్రమట్టాన్ని సెంటీమీటర్లలో కొలుస్తూ, దాదాపు పది రోజులకు ఒకసారి అదే చోటుకు తిరిగి వచ్చేది. ఒక్కసారి కొలత గాలి అలల గందరగోళంలో కలిసిపోతుంది. పోటు లయ మాత్రం ఖగోళ గడియారంతో ముడిపడి ఉండడం వల్ల, ఏళ్ల తరబడి కొలతలను కలిపి సగటు తీస్తే మిగతావన్నీ ఒకదానినొకటి కొట్టివేసుకొని పోటు లయలో ఉన్నది ఒక్కటే పైకి తేలుతుంది. ఆ విధంగా 1996 నాటికి హవాయి దీవుల నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం సాగిపోతున్న అంతర్గత పోటు జాడ దొరికింది. 2000 సంవత్సరంలో ఎగ్‌బర్ట్, రే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అవే కొలతలతో లోతు సముద్రంలో ఖర్చవుతున్న పోటు శక్తి దాదాపు ఒక టెరావాట్ (లక్ష కోట్ల వాట్లు) అనీ, అది మొత్తంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంటుందనీ, అదీ మునిగి ఉన్న పర్వతశ్రేణుల పైనే ఎక్కువగా జరుగుతోందనీ చూపించారు. జెఫ్రీస్ కాలం నుంచి వచ్చిన నమ్మకం ఎనభై ఏళ్ల తర్వాత ఆ విధంగా సవరించబడింది.

తర్వాత ఓడలు తీసుకొని హవాయి శ్రేణి దగ్గరికే వెళ్లి కొలిచినవారికి, అక్కడ పొరలు గరిష్ఠంగా శిఖరం నుంచి గుంట దాకా 300 మీటర్లు ఊగుతున్నట్టు కనిపించింది. మన రామప్ప గుడి మీదా, దాని చుట్టుపక్కల గుట్టల మీదా నీరు నింపి, ఆ ఎత్తుకు మించి రోజుకు రెండుసార్లు ఎత్తి దించినట్టు ఊహించుకోవచ్చు. ఆ సమయంలో పైన ఓడలో ఉన్నవారి టీ గ్లాసు కూడా కదలదు.

ప్రశ్న: మా మంథని పక్క నుంచి పోయే గోదావరి నీరు చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది కదా. ఆ నీటికీ ఈ అలలకూ సంబంధం ఉంటుందా? బంగాళాఖాతం అడుగు కూడా గరుకుగానే ఉంటుందా?
– ఒక పాఠకుడు, మంథని

జవాబు: రెండు ప్రశ్నలకూ జవాబులు ఎదురెదురుగా వస్తాయి. పొరల విషయంలో బంగాళాఖాతం చాలా గట్టిది, గరుకుతనం విషయంలో చాలా పేదది.

గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వానకాలంలో తెచ్చి పోసే మంచినీరు, దాని మీద పడే వాన కలిసి బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఒక పలుచని తేలికైన పొరగా పరుచుకుంటాయి. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని వెళ్లే గోదావరి వాటా గంగా బ్రహ్మపుత్రల ముందు చిన్నదే అయినా, పశ్చిమ తీరపు నీటిలో దాని ముద్ర తెలుస్తుంది. మంచినీటి పొర ఉన్నచోట పైనీటికీ లోనీటికీ బరువు తేడా ఎక్కువవుతుంది, హద్దు పదునెక్కుతుంది, అలలు ఆ హద్దు మీద మరింత వేగంగా సాగుతాయి. అందుకే ఇక్కడ పుట్టే అంతర్గత అలల నడక ఋతువును బట్టి మారుతుంది. పుట్టించే పోటు ఒక్కటే, వాటిని మోసే పొరలు మాత్రం వానకాలం తర్వాత ఒకలా, ఎండకాలంలో మరోలా ఉంటాయి.

అడుగు సంగతి వేరు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన మట్టిని గంగా బ్రహ్మపుత్రలు లక్షలాది సంవత్సరాలుగా బంగాళాఖాతంలో పోస్తూ వచ్చాయి. ఆ మేట దక్షిణంగా దాదాపు 3,000 కిలోమీటర్ల దూరం వ్యాపించి, భూమి మీద అతి పెద్ద సముద్రగర్భ మేటగా పేరు పొందింది. ఒకప్పటి గుట్టలు, లోయలు చాలావరకు దాని కింద పూడిపోయాయి. తొంభై డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే మహా పర్వతశ్రేణి ఉత్తర భాగం కూడా ఆ మట్టి కిందే ఉంది. కాబట్టి బంగాళాఖాతం నడిమధ్య పోటు నీరు అలికిన వాకిలి మీద పారినట్టు పారుతుంది, దానికి ఎక్కవలసిన మెట్టు తక్కువ.

ఆ మెట్లు అంచుల్లో ఉన్నాయి. మన తీరం వైపు ఖండపు అరుగు (తీరాన్ని ఆనుకొని నీటి కింద ఉండే లోతు తక్కువ నేల) ఒక్కసారిగా లోతుకు దిగే వాలు ఒకటి. తూర్పున అండమాన్, నికోబార్ దీవుల మధ్య ఉన్న ఇరుకు దారులు, మునిగి ఉన్న గట్లు రెండోవి, అవే అసలైనవి. బంగాళాఖాతానికీ అండమాన్ సముద్రానికీ మధ్య పోటు నీరు ఆ దారుల్లోంచే దూరి పోవాలి. అక్కడ పుట్టిన అలలు అండమాన్ సముద్రంలోకి సాగుతూ సాగుతూ నిటారుగా మారి, ఒకదాని వెనుక ఒకటిగా విడివిడి దిబ్బల వరుసలుగా చీలిపోతాయి. ఇటువంటి ఒంటరి అలలను సోలిటాన్ అంటారు. ఆస్‌బర్న్, బర్చ్ అనే ఇద్దరు 1980లో ప్రచురించిన వ్యాసంలో అక్కడ అరవై మీటర్లకు పైగా ఎత్తు, సెకనుకు రెండు మీటర్లకు పైగా వేగం ఉన్న అలలను వర్ణించారు. ఆ కొలతలు తీసింది చమురు బావి తవ్వే ఓడ మీద నుంచి. పైన కనిపించేది ఒక చిత్రమైన గుర్తు మాత్రమే: నిశ్చలంగా ఉన్న సముద్రం మీద క్షితిజం నుంచి క్షితిజం దాకా చిన్న అలలు కుతకుతలాడుతున్న ఒక పొడవైన పట్టీ వచ్చి, ఓడను దాటి పోతుంది, వెంటనే నీరు మళ్లీ నున్నగా అవుతుంది. మలక్కా జలసంధి వైపు వెళ్లే నావికులు ఆ పట్టీలను పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించి రాసి పెట్టారు, వాటి కింద ఏముందో వారికి తెలియదు. అమావాస్య, పౌర్ణమి రోజుల తర్వాత ఆ పట్టీలు బలంగా ఉండడమే అవి పోటు బిడ్డలన్న దానికి సాక్ష్యం.

పొరల లెక్క ఇప్పుడు మనకు హైదరాబాదు నుంచే తెలుస్తోంది. సముద్రంలో తేలుతూ 2,000 మీటర్ల లోతుకు మునిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ ఉప్పదనాన్నీ కొలిచే ఆర్గో యంత్రాల సమాచారాన్ని మన దేశంలో సేకరించే కేంద్రం అక్కడి ఇన్‌కాయిస్. అవి సాధారణంగా పది రోజులకు ఒకసారి పైకి వస్తాయి కాబట్టి పన్నెండు గంటల అలను పట్టుకోవడం వాటి పని కాదు, ఆ అల నడిచే బాట ఎలా ఉందో అవి చెబుతాయి.

ప్రశ్న: ఒక టెరావాట్ అంటే మా రామగుండం ఎన్టీపీసీ లాంటివి ఎన్ని? అంత శక్తి ఊరికే పోతుంటే దానితో కరెంటు తీయరాదా?
– ఒక సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఒక టెరావాట్ అంటే పది లక్షల మెగావాట్లు. రామగుండంలోని 2,600 మెగావాట్ల కేంద్రంతో భాగిస్తే, రాత్రింబగళ్లు పూర్తి సామర్థ్యంతో నడిచే అటువంటి కేంద్రాలు 385 వరకు కావాలి.

తీయడం మాత్రం సాధ్యం కాదన్నా. మీ గనిలో బొగ్గు ఒకచోట పొరగా దొరుకుతుంది కాబట్టి తవ్వగలుగుతున్నారు, ఈ శక్తి ప్రపంచ సముద్రాలన్నింటి మీదా పలుచగా పరుచుకొని, కిలోమీటర్ల లోతున, చీమ నడకతో కదిలే నీటిలో ఉంది. టర్బైన్ తిప్పడానికి ఆ వేగం చాలదు. పోటు కరెంటు తీయవలసి వస్తే అది ఇరుకైన అఖాతాల్లో, జలసంధుల్లోనే తీయాలి, అక్కడ ఇప్పటికే తీస్తున్నారు కూడా.

ఊరికే పోతోందన్న మాట మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. గ్రీన్‌లాండ్ దగ్గర, అంటార్కిటికా చుట్టూ గడ్డకట్టేంత చల్లబడిన బరువైన నీరు నిరంతరం అడుగుకు దిగుతూ ఉంటుంది. దానిని తిరిగి కొంచెం కొంచెంగా వెచ్చని నీటితో కలిపి పైకి తెచ్చే పని ఏదీ జరగకపోతే, కొన్ని వేల ఏళ్లలో సముద్రమంతా దాదాపు పైదాకా చల్లని నీటితో నిండిపోయి, వెచ్చదనం పైన పలుచని పొరకే పరిమితమవుతుంది. అలా జరగడం లేదంటే లోపల ఎవరో కవ్వం తిప్పుతున్నారని అర్థం. అందుకు దాదాపు 2 టెరావాట్ల శక్తి కావాలని వాల్టర్ మంక్, కార్ల్ వున్ష్ 1998లో లెక్క కట్టారు. అందులో సగం గాలుల నుంచి, సగం పోటు నుంచి వస్తుందని వారి అంచనా. నేల మీద ఎగుడుదిగుళ్లున్న చోట పుట్టిన అలల్లో చిన్నవి ఎంతో దూరం పోకుండానే చిట్లి సుడులుగా మారి నీటిని కలుపుతాయి. 1996, 1997లలో బ్రెజిల్‌కు తూర్పున అట్లాంటిక్‌లో చేసిన కొలతల్లో, నున్నని మైదానం పైన నీరు దాదాపు కలవకుండా ఉంటే, పర్వతశ్రేణి గుట్టల పైన అంతకు పదుల రెట్లు కలుస్తున్నట్టు, ఆ కలవడం కూడా నేలను ఆనుకొని కాకుండా దానికి పైన వందల మీటర్ల దాకా ఉన్నట్టు తేలింది. గరుకుతనం అంటే రాపిడి అయితే ఆ కలవడం నేల దగ్గరే ఆగిపోవాలి, హనుమకొండ టీచర్ గారి ప్రశ్నకు ఇది ఇంకో జవాబు. మిగిలిన పెద్ద అలలు మాత్రం సెకనుకు మూడు మీటర్ల నడకతో వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఎక్కడో ఏ ఖండపు అంచునో తాకి అక్కడ ఖర్చవుతాయి.

ప్రశ్న: ఇంత ఎత్తైన అలలు ఒడ్డుకు వస్తే సునామీ లాగా ప్రమాదం కాదా?
– ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: కాదమ్మా. ఈ అలల ఎత్తు పొరల హద్దు మీద ఉంటుంది, పైన కాదు. తీరం దగ్గరికి వచ్చేసరికి అరుగు మీదే చిట్లిపోయి, కొంత చల్లని నీటినీ దానితో వచ్చే పోషకాలనూ పైకి ఇచ్చి ముగిసిపోతాయి, దానివల్ల పగడపు దిబ్బలకూ చేపలకూ మేలే. జలాంతర్గాములకు మాత్రం ఇవి శత్రువులే, ఎందుకంటే బరువైన నీటిలో తూగుతున్న నౌక కొద్ది నిమిషాల్లో తేలికైన నీటిలో పడితే ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. 2021 ఏప్రిల్‌లో బాలీకి ఉత్తరాన 53 మందితో మునిగిన ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గాల విషయంలో ఆ దేశపు నౌకాదళ అధికారులు ఇటువంటి అలను ఒక కారణంగా అనుమానించారు. ఆ ప్రాంతంలోని లోంబోక్ జలసంధి బలమైన అంతర్గత అలలకు పేరు పొందినది.

ప్రశ్న: మన లక్నవరం, పాకాల చెరువుల్లో కూడా లోపలి అలలు ఉంటాయా?
– విశ్రాంత ఉద్యోగి, పరకాల

జవాబు: పోటు వల్ల వచ్చేవి ఉండవు. చెరువు మీద చంద్రుని ప్రభావం కొలతకు కూడా అందనంత చిన్నది. కాని పొరలు ఉన్నచోట అలకు పోటే కావాలని లేదు. ఎండకాలంలో లోతున్న చోట పైనీరు వెచ్చగా, కింది నీరు చల్లగా ఉన్నప్పుడు సాయంత్రం గాలి దుమారం వస్తే, అది పైనీటిని ఒక కట్ట వైపు నెట్టి పోగు చేస్తుంది. అక్కడ బరువుకు చల్లని పొర కిందికి అణుగుతుంది, ఎదుటి ఒడ్డున పైకి లేస్తుంది. గాలి ఆగిపోయాక ఆ పొర గంటల తరబడి తూగుటుయ్యాలలా అటూఇటూ ఊగుతుంది, పైన నీరు అద్దంలా ఉన్నా సరే. లక్నవరంలో పడవ ఎక్కే అవకాశం ఉన్నవారు పొడవైన తాడుకు ఉష్ణమాపకం కట్టి, లోతైన చోట గాలి దుమారానికి ముందు రోజు ఒకసారి, ఆగిన మరునాడు ఉదయం నుంచి గంటకోసారి ఒకే లోతులో కొలిచి చూడవచ్చు. కొలతలు రాసి పంపితే వచ్చే సంచికల్లో వేస్తాం. మత్తడి దూకుతున్న రోజుల్లో మాత్రం ప్రయత్నించవద్దు, అప్పుడు నీరంతా కలిసిపోయి పొరలే ఉండవు.